ఆకు తిప్పి చూడండి: అడవి ఆలివ్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆలివ్ అనగానే మనకు నూనె సీసా గుర్తొస్తుంది. ఈసారి వచ్చిన ఉత్తరాలు మాత్రం ఆ నూనె చెట్టు గురించి కాదు, కొండల్లో తనంతట తాను పెరిగే దాని అడవి రకం గురించి. హిమాచల్ నుంచి, ఇథియోపియా నుంచి, సిడ్నీ నుంచి, మన జిల్లాల నుంచి అడిగినవాటిలో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఉద్యోగరీత్యా హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి దగ్గర ఉంటున్నాం. ఇక్కడి కొండవాలుల్లో ‘కాహు’ అనే చెట్టు కనబడుతోంది. చూడ్డానికి ఆలివ్‌లాగే ఉంది. నిజంగా ఆలివేనా? – రాజమండ్రి వాసి, మండి

జవాబు: ఆలివేనండి. మధ్యధరా తీరంలో నూనె కోసం పెంచే ఆలివ్, మీరు చూసిన కాహు ఒకే జాతికి చెందిన రెండు ఉపజాతులు. జాతి పేరు ఓలియా యూరోపియా, కాహు ఉపజాతి పేరు కస్పిడేటా. పాత వృక్షశాస్త్ర పుస్తకాలు హిమాలయాల్లోని చెట్టును ఓలియా ఫెరూజినియా అనీ, ఆఫ్రికాలోని చెట్టును ఓలియా ఆఫ్రికానా అనీ వేరువేరుగా రాశాయి. ఇప్పుడు అన్నీ ఒకటే అంటున్నారు. దక్షిణాఫ్రికా నుంచి కెన్యా, ఇథియోపియా, అరేబియా, ఇరాన్, పాకిస్తాన్, జమ్మూ, హిమాచల్, ఉత్తరాఖండ్ మీదుగా చైనాలోని యునాన్ దాకా ఈ చెట్టు ఉంది.

గుర్తుపట్టాలంటే ఆకు కోసి వెనక్కి తిప్పండి. పెంపుడు ఆలివ్ ఆకు అడుగుభాగం వెండిపూత పూసినట్టు తెల్లగా ఉంటుంది. కాహు ఆకు అడుగున బంగారు గోధుమరంగు నుంచి ఇనప తుప్పు రంగు దాకా ఉంటుంది. ఫెరూజినియా అంటే లాటిన్‌లో తుప్పురంగుది అనే. భూతద్దం పెడితే ఆ రంగు ఎక్కడిదో తెలుస్తుంది. చిన్న చిన్న గొడుగుల్లాంటి పొలుసులు ఒకదాని అంచు మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. ఆకు ఎండకు నీరు పోగొట్టుకోకుండా కాచేది అవే. పైభాగం ముదురాకుపచ్చగా మెరుస్తుంది, ఆకు కొస మొనదేలి కొద్దిగా వంకర తిరుగుతుంది. ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. మన మల్లె, పారిజాతం ఆకులు చూడండి, అవీ అంతే. మూడూ ఒకే కుటుంబం.

కాయ చిన్నది, శనగగింజకు కాస్త పెద్దది. పండితే ఊదా కలిసిన నలుపు. లోపల గట్టి టెంక, దాని మీద పల్చని చేదు గుజ్జు. పిట్టలు తింటాయి. మనిషికి ఆ చెట్టు ఇచ్చేది కాయ కాదు, చెక్క. గొడ్డలి, కొడవలి పిడులకు, చేతికర్రలకు, దువ్వెనలకు కాహు చెక్క చాలా కాలంగా వాడుకలో ఉంది. చలికాలంలో వేరే పచ్చిమేత దొరకనప్పుడు మేకలకూ గొర్రెలకూ దీని రొట్ట కొట్టి వేస్తారు. అందుకే ఊళ్ళ దగ్గరి చెట్లు చాలావరకు మొండిగా, గుబురుగా కనబడతాయి.

ప్రశ్న: మా అత్తగారి ఊరు జమ్మూ దగ్గర. పొలం గట్ల మీద కాహు చెట్లు ముప్ఫై దాకా ఉన్నాయి. వాటి మీద మంచి ఆలివ్ అంటుకట్టవచ్చని విన్నాం. ఎలా కట్టాలి? – గుంటూరు

జవాబు: కట్టవచ్చు. హిమాచల్, జమ్మూలలోనూ పాకిస్తాన్ కొండల్లోనూ ఈ పద్ధతి ఆచరణలో ఉన్నదే. కొండరాళ్ళలో దిగిన వేరు అప్పటికే ఉంటుంది కాబట్టి కొత్త మొక్క నాటి నీళ్ళు మోసి బతికించే శ్రమ తప్పుతుంది. అంటు మూడు నాలుగేళ్ళలో కాపుకు వస్తుంది. అయితే ముందు ఒక మాట. చెట్లు అటవీ భూమిలో ఉంటే అనుమతి లేకుండా రంపం పెట్టకూడదు. గట్టు మీ సొంతమైనా స్థానిక అటవీ కార్యాలయంలో ఒకసారి అడిగి మొదలుపెట్టండి.

చెట్టు ఎంపిక: మొదలు 4 నుంచి 10 సెంటీమీటర్ల మందం ఉన్నవి మేలు. ఇంతకంటే లావైతే కోసిన గాయం మూసుకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా మధ్య చెక్క పుచ్చుతుంది. లావు చెట్టయితే మొదలు కోయకుండా రెండు మూడు కొమ్మల మీద విడివిడిగా కట్టండి.

పుల్లలు: ఫిబ్రవరిలో, చిగురు కదలకముందే, నమ్మకమైన నర్సరీ చెట్టు నుంచి పెన్సిల్ మందం ఉన్న ఏడాది వయసు రెమ్మలు కోయించండి. ఆకులు తుంచేసి తడి గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే మూడు నాలుగు వారాలు నిలుస్తాయి. హిమాచల్‌కు ఇటలీ నుంచి వచ్చిన ఫ్రాంటోయో, లెచ్చినో, కొరాటినా, పెండోలినో రకాలు ఉత్తరాది కొండల్లో దొరుకుతాయి. లెచ్చినో తన పుప్పొడితో తాను సరిగా కాయదు. ముప్ఫై చెట్లలో నాలుగైదింటికి పెండోలినో కట్టి తోటంతా చెదురుగా ఉండేలా చూసుకోండి. పుప్పొడిని మోసేది గాలే కాబట్టి గాలి వచ్చే వైపు వాటిని పెడితే ఇంకా మంచిది.

అంటుకట్టడం: మార్చి, ఏప్రిల్ నెలల్లో రసం ఎక్కి బెరడు తేలిగ్గా ఊడివచ్చే రోజులు చూసుకోండి. గోటితో గీరితే బెరడు చెక్క నుంచి జారాలి. జారకపోతే వారం ఆగండి. తొందరపడి బలవంతాన ఎత్తితే బెరడు చిరుగుతుంది, అంటు పోతుంది. మొదలును నేల నుంచి 30 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో అడ్డంగా కోసి, రంపపు గరుకును కత్తితో నున్నగా చెక్కండి. మేకలు తిరిగే చోటయితే వాటికి అందనంత ఎత్తులో కోయడమే మంచిది. కోతకు కింద ఒక చిన్న కొమ్మ ఉంటే దాన్ని కోయకండి. రసం లాగుతూ వేరును బతికించేది అదే. అంటు కుదురుకున్నాక మరుసటి ఏడాది తీసేయవచ్చు.

బెరడును పై నుంచి కిందికి 4, 5 సెంటీమీటర్లు నిలువుగా చీల్చి రెండు పక్కలా కొద్దిగా ఎత్తండి. పుల్లను మూడు నాలుగు కణుపులు ఉండేలా కత్తిరించి, కింది చివర ఒక వైపు 3, 4 సెంటీమీటర్ల పొడవున వాలుగా ఒక్క కోతలో చెక్కండి. రెండు మూడు సార్లు గీస్తే గతుకులు పడి, లోపల గాలి నిలుస్తుంది. చెక్కిన ముఖం చెట్టు చెక్కకు ఆనేలా లోపలికి దించి, అంటు టేపుతో గానీ పాలిథిన్ పట్టీతో గానీ గట్టిగా చుట్టండి. మొదలు మందాన్ని బట్టి రెండు నుంచి నాలుగు పుల్లలు పెట్టవచ్చు. పైన తెరిచి ఉన్న చెక్క మొత్తానికీ, పుల్లల పై కొసలకీ అంటు మైనం పూయండి. మైనం మరీ వేడిగా ఉంటే బెరడు కింది పచ్చి పొర ఉడికిపోతుంది. వేలు ముంచగలిగినంత గోరువెచ్చన చాలు. చివరికి పాలిథిన్ సంచి తొడిగి, దాని మీద కాగితం చుట్టండి. కాగితం లేకపోతే ఏప్రిల్ ఎండకు సంచి లోపల ఆవిరిపొయ్యి అయిపోతుంది.

మూడు నాలుగు వారాలకు కణుపుల్లో పచ్చదనం కనబడుతుంది. సంచిని ఒకేసారి తీయకండి. ముందు కొసన చిన్న కన్నం చేసి, వారం తర్వాత సాయంత్రం పూట తీయండి. రెండు మూడు నెలలకు చుట్టిన పట్టీని నిలువుగా కోసి వదులు చేయకపోతే అది బెరడును నొక్కి కొత్త రెమ్మను గొంతు పిసికినట్టు చేస్తుంది.

ఇక ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడ. మొదలు కోసిన కాహు ఊరుకోదు, అంటు కింద డజన్ల కొద్దీ సొంత చిగుళ్ళు వేస్తుంది. మొదటి వేసవి, వానాకాలం మొత్తం పది పదిహేను రోజులకోసారి వాటిని గోటితో గిల్లేయాలి. రెండు నెలలు వదిలేస్తే రసమంతా అవే తాగేసి అంటు ఎండిపోతుంది. మరీ విచిత్రం, కొందరు ఆ అడవి చిగుళ్ళనే అంటు అనుకుని పెంచుతారు. అనుమానం వస్తే ఆకు తిప్పండి. వెండి రంగయితే ఉంచండి, తుప్పు రంగయితే గిల్లేయండి. కొత్త రెమ్మ జానెడు దాటగానే పక్కన కర్ర పాతి ఎనిమిది ఆకారంలో వదులుగా కట్టండి. మొదటి ఏడాది అంటు అతుకు గట్టిపడదు, ఒక్క గాలివానకే విరిగి పడుతుంది.

ప్రశ్న: మాకు మదనపల్లె దగ్గర ఐదెకరాల ఎర్రనేల ఉంది. అడవి ఆలివ్ విత్తనాలు తెప్పించి పెంచితే నూనె తీయవచ్చా? – మదనపల్లె

జవాబు: నూనె ఆశతో అయితే వద్దు. రెండు కారణాలు. ఒకటి, అడవి రకం కాయలో గుజ్జు పల్చన, టెంక ఎక్కువ. కోత కూలి కూడా రాదు. రెండు, ఏ ఆలివ్ అయినా పూతకు రావాలంటే దానికి చలి కావాలి. శీతాకాలంలో కొన్ని వారాలపాటు రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగి, పగళ్ళు కూడా చల్లగా ఉంటేనే మొగ్గ ఆకు మొగ్గగా కాక పూమొగ్గగా మారుతుంది. మదనపల్లె మనకు చల్లని ఊరే గానీ చెట్టు లెక్కలో ఆ చలి చాలదు. లంబసింగిలో కొన్ని రాత్రులు గడ్డకట్టే చలి పడినా మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది, పైగా వానలు ఎక్కువ. ఈ చోట్ల చెట్టు బతుకుతుంది, నీడ ఇస్తుంది, కాయ మీద మాత్రం భరోసా లేదు. రాజస్థాన్ ప్రభుత్వం ఇజ్రాయెల్ నుంచి పెంపుడు రకాల మొక్కలు తెప్పించి వేయించింది, 2014లో బికనీర్ జిల్లా లూణ్‌కరన్‌సర్‌లో నూనె మిల్లు కూడా మొదలైంది. ఆ ఎడారి శీతాకాలపు రాత్రులు ఎంత చల్లనో తెలిసినవారు దాన్ని రాయలసీమతో పోల్చరు.

సరదాకు నాలుగు చెట్లు పెంచుతానంటే నిక్షేపంగా పెంచండి. పూర్తిగా నల్లబడ్డ కాయలు తెచ్చి, గుజ్జు తీసి, ఇసుకా బూడిదా కలిపి రుద్ది కడగండి. నూనె జిడ్డు ఉండిపోతే టెంక నీరు పీల్చదు, బూజు పడుతుంది. నీడలో ఆరబెట్టి, ప్రతి టెంకనూ పటకారుతో ‘టిక్’ అని చిన్న పగులు వచ్చేదాకా మాత్రమే నొక్కండి. లోపలి పప్పు నలిగితే ఆ గింజ పనికిరాదు. ఓ ఇరవై గింజలు పాడయ్యాక చెయ్యి కుదురుతుంది. రెండు రోజులు చల్లని నీళ్ళలో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, సగం ఇసుక సగం మట్టి కలిపిన సంచుల్లో ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున పెట్టండి. పగలగొట్టినవి నెల నుంచి మూడు నెలల్లో మొలుస్తాయి. పగలగొట్టనివి ఏడాది దాకా మొలవకుండా కూర్చుంటాయి, విసుగొచ్చి పారేసిన సంచిలో మొలుస్తాయి. నిల్వ గింజలకంటే ఆ ఏడాది గింజలే మంచివి. నాటేటప్పుడు నీరు నిలవని చోటు చూడండి. రాళ్ళూ సున్నపు నేలా దీనికి ఇబ్బంది కాదు. చౌడైనా కొంత ఓర్చుకుంటుంది. నల్లరేగడిలో వానాకాలం నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్ళి చస్తుంది.

ప్రశ్న: ఇథియోపియాలో లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడివాళ్ళు పాల పాత్రకు ‘వెయిరా’ పొగ పెడతారు. ఆ చెట్టూ ఇదేనా? పొగ ఎందుకు? – విజయనగరం వాసి, అడిస్ అబాబా

జవాబు: వెయిరా ఇదే చెట్టు. ఇథియోపియా ఎత్తైన పీఠభూముల్లో ఎత్తుగా పెరిగే ఒక రకం జూనిపర్‌తో కలిసి ఇది ఒకప్పుడు పెద్ద అడవి. ఇప్పుడు పాత చెట్లు చూడాలంటే చర్చిల ఆవరణలకు వెళ్ళాలి. గుడి తోపులో మర్రిని కొట్టనట్టే అక్కడ చర్చి చుట్టూ ఉన్న అడవిని కొట్టరు.

పొగ పెట్టే తీరు గమనించి చూడండి. ఎండిన వెయిరా పేళ్ళను అంటించి, మంట ఆర్పి, నివురు నిప్పు మీద పొగ లేచేటప్పుడు కడిగి ఆరబెట్టిన పాత్రను బోర్లిస్తారు. లోపలి గోడకు సన్నని గోధుమరంగు పూత పట్టేదాకా ఉంచి, ఆ తర్వాత పాలు పోస్తారు. ‘ఎర్గో’ అనే తోడుపెట్టిన పాలకు, ‘తెల్లా’ అనే ఇంట్లో కాచే బీరు కుండలకు కూడా ఇదే పద్ధతి. పొగలో ఫినాల్ జాతి పదార్థాలు ఉంటాయి. అవి పాత్ర గోడల్లో దాగిన సూక్ష్మజీవులను అణిచి, పాలు త్వరగా విరగకుండా చూస్తాయి. కుండ, సొరకాయ బుర్ర లాంటివాటి సందుల్లో చేరినదాన్ని సబ్బుతో కడిగి తీయలేరు, పొగ అక్కడిదాకా వెళుతుంది. కెన్యాలో మాసాయిలు పాల బుర్రలను శుభ్రం చేయడానికి వాడేదీ ఈ చెట్టు కొరివే. వాళ్ళు దీన్ని ఒలోయిరియెన్ అంటారు.

రుచి మనకు కొత్త కాదు. దాలిలో పిడకల మీద రోజంతా కాగిన పాలకు పట్టే ఆ పొగ వాసన గుర్తున్నవాళ్ళకు ఎర్గో మొదటి గుక్కలోనే నచ్చుతుంది. ఇంట్లో చేసుకోవాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. చెక్క పూర్తిగా ఎండి ఉండాలి, పచ్చిదైతే మసి పడుతుంది. రంగు వేసిన పాత సామాను చెక్క వాడకూడదు. పాత్ర గోడ నల్లగా జిడ్డుగా అయితే ఎక్కువైనట్టే, కడిగి మళ్ళీ పెట్టండి. పొగ పాలకు పచ్చిపాల దోషం తీయదు, పాలు కాచి చల్లార్చి పోయడం మానకండి. పళ్ళు తోముకోవడానికి అక్కడ అమ్మే పుల్లల్లోనూ వెయిరా ఉంటుంది. మన వేపపుల్ల లాగే కొస నమిలి కుంచె చేసుకుంటారు.

ప్రశ్న: సిడ్నీ పశ్చిమాన ఇల్లు కొన్నాం. పెరటి కంచె వెంట ఆలివ్ లాంటి చెట్లు. ఇవి కలుపు, తీసేయమని పొరుగువారు అంటున్నారు. పచ్చని చెట్టు కొట్టడానికి మనసొప్పడం లేదు. – సిడ్నీ

జవాబు: మీ మనసు అర్థమవుతోంది. కానీ పొరుగువారి మాట నిజం. అక్కడ దీన్ని ఆఫ్రికన్ ఆలివ్ అంటారు. 19వ శతాబ్దంలో కంచె కోసం, పెంపుడు ఆలివ్‌ను అంటుకట్టే మొదలు కోసం తెచ్చారు. పిట్టలు కాయలు తిని గింజలు దూరం మోశాయి. సిడ్నీ పశ్చిమాన ఉన్న కంబర్లాండ్ మైదానపు సహజ అడవిలో ఇది ఎంత దట్టంగా పెరిగిందంటే, కింద ఎండ పడక గడ్డీ పొదా స్థానిక మొలకా ఏదీ బతకదు. హిమాలయంలో పిడికెడు మట్టిని పట్టుకుని నిలిచే చెట్టే అక్కడికి వెళ్ళి సాటి మొక్కలను నలిపేస్తోంది. నేల మారితే గుణం మారుతుంది.

ముందు ఆకు తిప్పి చూడండి. వెండిరంగు అయితే పెంపుడు ఆలివ్, ఉంచి కాయలు మాత్రం పిట్టలకు వదలకుండా కోసుకోండి. అడుగున పసుపుపచ్చగా, గోధుమరంగుగా ఉండి కొస వంకర తిరిగి ఉంటే ఆఫ్రికన్ ఆలివ్. స్థానిక కౌన్సిల్‌లో అనుమతి నియమాలు కనుక్కుని తీయించండి. ఊరికే కొట్టి వదిలేస్తే మొదలు నుంచి గుత్తులుగా చిగురిస్తుంది. నేలకు సమానంగా కోసి, కోసిన పది పదిహేను సెకన్లలోపే మోడు అంచు వెంట, బెరడుకు ఆనుకుని, గ్లైఫోసేట్ మందును డబ్బా మీద మోళ్ళకు చెప్పిన మోతాదులో బ్రష్‌తో పూయాలి. ఇద్దరు చేస్తే తేలిక, ఒకరు కోస్తుంటే ఒకరు పూయాలి. ఆలస్యమైతే గాయం మూసుకుని మందు లోపలికి దిగదు. చిన్న మొలకలను వాన పడ్డ మర్నాడు వేరుతో సహా పీకండి. నేలలో పడిన గింజలు చాలావరకు రెండు మూడేళ్ళకే జీవం కోల్పోతాయి. అంటే మూడేళ్ళు ఏటా ఒకసారి తిరిగి చూసుకుంటే పెరడు శుభ్రపడుతుంది. కాయలున్న కొమ్మలు కంపోస్టులో వేయకండి.

ప్రశ్న: అడవి ఆలివ్ బోన్సాయ్ కొన్నాను. ఆకులు పసుపై రాలుతున్నాయి. – హైదరాబాద్

జవాబు: నూటికి తొంభై సార్లు కారణం నీరు ఎక్కువ కావడమే. మట్టి పైన ఒక సెంటీమీటరు ఎండాకే నీళ్ళు పోయండి. కుండీ అడుగు కన్నం పుల్లతో పొడిచి చూడండి, మూసుకుని ఉండవచ్చు. వేరు నల్లబడి, గిల్లితే తొక్క జారిపోతుంటే కుళ్ళినట్టు. వాటిని కోసేసి, జల్లించిన ముతక ఇసుక, ఇటుక ముక్కలు 2 నుంచి 4 మిల్లీమీటర్లవి నాలుగు పాళ్ళు, ఆకుల ఎరువు ఒక పాలు కలిపి మార్చండి. మామూలుగా కుండీ మార్పు హైదరాబాద్‌లో జనవరి చివర, ఫిబ్రవరిలో, చిగురు వేసేముందు చేయాలి. ఒకేసారి మూడో వంతుకు మించి వేరు కోయొద్దు.

కనీసం ఆరు గంటల ఎండ కావాలి. గదిలో బల్ల మీద పెడితే ఆకు పెద్దదై కొమ్మ సాగుతుంది, అందం పోతుంది. ముదిరిన కొమ్మ పెళుసు, తీగ చుడితే విరుగుతుంది. ఏడాది రెమ్మలకే తీగ చుట్టండి. దక్షిణాఫ్రికా బోన్సాయ్ వాళ్ళు ఈ చెట్టునే ఎంచుకోవడానికి కారణం దాని చేవ. మోడు బెరడు తీసి వదిలితే చెక్క ఏళ్ళ తరబడి పుచ్చకుండా నిలిచి, చిన్న కుండీలో కూడా పెద్ద చెట్టు ముసలితనం చూపిస్తుంది. కొమ్మల మీద చీమలు బారులు తీరితే పొలుసు పురుగు పట్టిందని గుర్తు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా చల్లండి.

ప్రశ్న: ఈ ఆకు టీ తాగితే రక్తపోటు తగ్గుతుందా? – నెల్లూరు

జవాబు: ఆలివ్ ఆకులో ఒలియురోపిన్ అనే చేదు పదార్థం ఉంది. పెంపుడు ఆలివ్ ఆకుసారంతో జరిగిన పరీక్షల్లో రక్తపోటు కొద్దిగా తగ్గినట్టు తేలింది. అవి కొలిచి ఇచ్చిన సారాలు. ఇంట్లో మరిగించిన నీళ్ళలో ఎంత దిగిందో ఎవరికీ తెలియదు. మీరు రక్తపోటుకో షుగరుకో మాత్రలు వేసుకుంటుంటే ఈ టీతో కలిసి రెండూ మరీ కిందికి దిగే ప్రమాదం ఉంది. డాక్టరుకు చెప్పకుండా తాగొద్దు, మాత్ర ఆపొద్దు.

ప్రశ్న: కేరళలో ఉప్పునీళ్ళలో ఊరేసిన ‘ఆలివ్’ కాయలు తిన్నాం. అదే అడవి ఆలివా? – తిరుపతి

జవాబు: కాదు. దాన్ని సిలోన్ ఆలివ్ అంటారు, పేరులో తప్ప దీనికి ఆలివ్‌తో చుట్టరికం లేదు. అది ఎలియోకార్పస్, మన రుద్రాక్షకు దగ్గరి చుట్టం. దాని ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, అంచు రంపపు పళ్ళలా ఉంటుంది, రాలేముందు ఎర్రబడతాయి. పూరెక్కల అంచు కుచ్చుల్లా చీలి ఉంటుంది. వేడి, తడి నేలలకు బాగా అలవాటు పడిన చెట్టు. కోస్తాలో పెరట్లో ఊరగాయ కాయ కోసం ఒక చెట్టు వేసుకోవాలనుకునేవారికి అడవి ఆలివ్ కంటే ఇదే నయం.